టీనా బ్రూక్స్, కార్ల్ పవానో, ఆ రికార్డుల కొట్టు

న్యూజెర్సీలో డిసెంబరు వచ్చిందంటే ఆ కొట్టులో రెండే విషయాలు నడిచేవి. ఒకటి, ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన పాత జాజ్ రికార్డులు. రెండోది, ఈ చలికాలం ఏ బేస్‌బాల్ టీము ఏ పిచర్‌తో, అంటే బంతి విసిరేవాడితో, సంతకం పెట్టించుకుంటుందన్నది. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎప్పుడు జారేవాళ్ళో తెలిసేది కాదు. హ్యాంక్ మోబ్లీ శాక్సఫోన్ దగ్గర మొదలైన మాట న్యూయార్క్ మెట్స్ టీములో ఎడమచేతి పిచర్లు లేరన్న బాధ దగ్గర తేలేది. అక్కణ్ణుంచి మళ్ళీ మోబ్లీ. ఆటలు లేని చలికాలంలో పొయ్యి చుట్టూ చేరి చెప్పుకునే ఈ బేస్‌బాల్ కబుర్లకి అక్కడ 'హాట్ స్టవ్' అని పేరు. కొట్టులో పొయ్యి లేదు, గోడవారన బుసలు కొట్టే ఒక పాత రేడియేటర్ ఉండేది. నేను వెళ్ళడం మొదలుపెట్టింది దానికోసమే.

అది 2004 చివర. మా ఆయన ప్రాజెక్టు కోసం ఎడిసన్ పక్కన రైలు స్టేషను ఉన్న ఒక చిన్న ఊళ్ళో దిగాం. నాది హెచ్-4 వీసా, అంటే అప్పట్లో ఉద్యోగం చేయకూడదు. కారు మా ఆయన తీసుకెళ్ళిపోతే నాకూ, ఏడాది నిండిన మా అమ్మాయికీ మిగిలింది స్ట్రోలరూ, మెయిన్ స్ట్రీటూ. ఇంటి నుంచి లైబ్రరీకి నడిచేసరికి ముక్కు చివర స్పర్శ పోయేది. లైబ్రరీకి కాస్త ముందు ఈ కొట్టు. లోపలికి వెళ్తే వెచ్చగా ఉంటుంది, పైగా ఎప్పుడూ ఏదో ఒకటి మోగుతూ ఉంటుంది. విజయవాడ సంగీత కళాశాలలో వీణ నేర్చుకున్నదాన్ని నేను. విరుగుతుందేమోనన్న భయంతో వీణని అమ్మ దగ్గరే వదిలేసి వచ్చాను. చెవులు మాత్రం ఊరుకోవు కదా.

అక్కడ ఎవరి పేర్లూ ఇక్కడ రాయను, వాళ్ళు అలాంటివి ఇష్టపడే మనుషులు కారు. నా మనసులో నేను పెట్టుకున్న పేర్లే వాడతాను. ఓనరు అరవై దాటినవాడు, పుట్టింది బ్రూక్లిన్‌లో. 1957 సీజను అయ్యాక డాడ్జర్స్ టీము బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలిస్‌కి వెళ్ళిపోయింది. అప్పటికి ఈయన ఇంకా స్కూలు పిల్లాడు. ఆ కోపం అలాగే ఉంది. డాడ్జర్స్ అన్నమాట వినబడితే చాలు, "ఎవరు వాళ్ళు?" అనేవాడు. రెండో ఆయన హైస్కూల్లో పిల్లలకి బ్యాండు నేర్పే మాస్టారు. ట్రంపెట్ వాయిస్తాడు, మెట్స్ అభిమాని, అంటే ఏడవడం అలవాటైనవాడు. మూడో ఆయన పోస్టాఫీసు తాతగారు. న్యూఅర్క్‌లో రాత్రి షిఫ్టుల్లో ఉత్తరాలు సార్టింగ్ చేసి రిటైరైన నల్లజాతి పెద్దాయన, వయసు డెబ్బై దాటింది. అందరూ ఆయన్ని పేరు పెట్టే పిలిచేవాళ్ళు. నాకు నోరు రాక 'సర్' అనేదాన్ని. "నలభై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను సర్ అన్నవాళ్ళు లేరు, నువ్వు ఆపకు" అని నవ్వేవారు.

మొదట్లో వాళ్ళు రికార్డుని చూసే పద్ధతే నాకు వింతగా ఉండేది. కవరు మీద బొమ్మ చూడరు. రికార్డుని బయటికి తీసి దీపం కింద వంచి, పాట అయిపోయాక లేబుల్ దాకా మిగిలే నున్నటి జాగాలో ఏం గీసి ఉందో వెతుకుతారు. అక్కడ 'ఆర్‌వీజీ' అని ఉంటే దాన్ని తయారుచేసింది రూడీ వాన్ గెల్డర్ అన్నమాట. పగలు కళ్ళద్దాల డాక్టరు, మిగతా టైములో రికార్డింగ్ ఇంజనీరు. న్యూజెర్సీలోనే హ్యాకెన్‌సాక్‌లో అమ్మానాన్నల ఇంటి హాల్లో మైకులు పెట్టి బ్లూ నోట్ కంపెనీ రికార్డులు చేసేవాడు. 1959లో ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో సొంత స్టూడియో కట్టుకున్నాడు. ఇంకా కొంచెం వెతికితే చెవి ఆకారంలో ఒక గుర్తు కనబడాలి. నిజానికి అది మెలికలు తిరిగిన 'పి' అక్షరం, రికార్డులు అచ్చేసిన ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ గుర్తు. ఆ ఫ్యాక్టరీ నార్త్ ప్లెయిన్‌ఫీల్డ్‌లో ఉండేది, మా ఇంటి నుంచి కారులో ఎంతో దూరం కాదు. చెవి ఉంటే పాతకాలపు ముద్రణ, రేటు వేరు. లేకపోతే తర్వాతెప్పుడో వేసింది. లేబుల్ మీద న్యూయార్క్ అడ్రసు ఏ వీధిదో చూసి ఏ కాలం రికార్డో చెప్పేసేవాడు ఓనరు.

టీనా బ్రూక్స్‌ని అలాగే విన్నాను. పేరు చూసి ఆడమనిషి అనుకుంటాం గానీ అది చిన్నప్పటి ముద్దుపేరు, ఆయన టెనర్ శాక్సఫోన్ వాయించిన మగమనిషి. 1958 నుంచి 1961 వరకు బ్లూ నోట్ కోసం నాలుగు ఆల్బములకు సరిపడా రికార్డు చేశాడు. బతికుండగా ఆయన పేరుతో బయటికి వచ్చింది ఒక్కటే, 1960లో చేసిన 'ట్రూ బ్లూ'. ఇంకొకదానికి నంబరు కూడా ఇచ్చి, చివరికి విడుదల చేయలేదు. ఆయన 1974లో పోయాడు, నలభై రెండేళ్ళకి. హెరాయిన్ అలవాటు ఆ తరంలో చాలామందిని తినేసినట్టే ఆయన్నీ తినేసింది. 1985లో మొజాయిక్ అనే చిన్న కంపెనీ ఆ నాలుగు సెషన్లనీ వెతికి పెట్టెగా వేసేదాకా లోకానికి ఆయన సంగతి పెద్దగా తెలియదు. ఇప్పుడు 'ట్రూ బ్లూ' మొదటి ముద్రణ చెవి గుర్తుతో దొరికితే వేల డాలర్లు.

ఓనరు దగ్గర ఉన్నది ఆ ఖరీదైనది కాదు, తర్వాత వేసిన ప్రతి. అది పెట్టి వాల్యూమ్ కొంచెం పెంచాడు. నాకు అప్పటికి జాజ్ అంటే హోటళ్ళ లిఫ్టుల్లో వినబడే సంగీతమే. ఇది అది కాదు. ఆయన ఒక పలుకు అందుకుని, దాన్ని పూర్తి చేయకుండా అటు తిప్పి ఇటు తిప్పి, చివరికి మనం ఆశించిన చోట కాకుండా కాస్త పక్కన దించుతాడు. మా వీణ మాస్టారు కల్పనస్వరం పాడేటప్పుడు ఎత్తుగడకి రాబోతూ రాకుండా ఏడిపించేవారు, సరిగ్గా ఆ రకం అల్లరి. అయితే ఆ అల్లరి వెనక ఏదో దిగులు. నా మొహం చూసి బ్యాండు మాస్టారు, "అర్థమైంది ఈ అమ్మాయికి" అన్నాడు. అప్పటినుంచి నేను కొట్టుకి వచ్చే మనిషినయ్యాను, వెచ్చదనం కోసం దూరే మనిషిని కాదు.

అదే ఊపులో ట్రంపెట్ వాయించే ఫ్రెడ్డీ హబ్బర్డ్ మొదటి ఆల్బమ్ 'ఓపెన్ సెసమీ' కూడా వినిపించారు. 'ట్రూ బ్లూ'కి వారం లోపు ముందు చేసిన రికార్డు అది. రెండింట్లోనూ ఇద్దరూ ఉన్నారు. హబ్బర్డ్‌కి అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఆ తర్వాత ఎంతో పెద్దవాడయ్యాడు. ఆ ఆల్బమ్‌కి పేరిచ్చిన ట్యూన్ రాసింది మాత్రం బ్రూక్స్. "ఒకే వారం, ఒకే గది, ఒకే మైకులు" అనేవాడు మాస్టారు, అంతకు మించి వివరించకుండా.

ఆ డిసెంబరులోనే న్యూయార్క్ యాంకీస్ టీము కార్ల్ పవానో అనే పిచర్‌తో నాలుగేళ్ళకు సంతకం పెట్టించుకుంది. నాలుగు కోట్ల డాలర్లకు యాభై వేలు తక్కువ. అంతకు ముందు ఏడాది బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో ఇదే పవానో ఫ్లోరిడా తరఫున యాంకీస్ మీదే ఎనిమిది ఇన్నింగ్స్ (మామూలుగా మ్యాచుకి తొమ్మిది) వేసి ఒక్క రన్నే ఇచ్చాడు. మనల్ని కొట్టినవాణ్ణే మనం కొనుక్కుందాం అన్న లెక్క. తాతగారు యాంకీస్ మనిషి, అయినా మొదటి రోజే పెదవి విరిచారు. "ఒక్క రాత్రి చూసి నాలుగేళ్ళు కొన్నారు" అన్నారు.

ఆ నాలుగేళ్ళలో పవానో మొదలుపెట్టిన మ్యాచులు ఇరవై ఆరు. 2006లో అసలు లేవు. భుజం, వీపు, పిర్రలు, తర్వాత కారు ప్రమాదంలో పక్కటెముకలు, ఆ తర్వాత మోచేతికి టామీ జాన్ ఆపరేషను. న్యూయార్క్ పేపర్లు ఆయనకి 'అమెరికన్ ఐడిల్' అని పేరు పెట్టాయి, టీవీలో పాటల పోటీ 'అమెరికన్ ఐడల్' పేరుని కొద్దిగా తిప్పి. ఐడిల్ అంటే పనిలేకుండా కూర్చున్నవాడు. అది చదివిన రోజు ఓనరు ముసిముసిగా నవ్వుకుంటూ లోపలికి వెళ్ళి గ్రాంట్ గ్రీన్ 'ఐడిల్ మూమెంట్స్' రికార్డు తెచ్చి పెట్టాడు. ఇక అదే ఆనవాయితీ అయిపోయింది. పవానోకి కొత్త నొప్పి వచ్చిందని వార్త వస్తే చాలు, కొట్టులో గ్రాంట్ గ్రీన్ గిటారు మోగాల్సిందే. పాపం పవానో పుణ్యమా అని నాకు ఆ పాట కంఠతా వచ్చేసింది. మా అమ్మాయి అది మొదలుపెట్టగానే స్ట్రోలర్‌లో నిద్రపోయేది.

ఆ పాట వెనక కథ నాకు చాలా ఇష్టం. 1963 నవంబరులో రికార్డింగ్. పియానో వాయించిన డ్యూక్ పియర్సన్ రాసిన ట్యూన్ అది, మెల్లగా సాగుతుంది. ఒక్కొక్కరు ఎంతసేపు వాయించాలన్న లెక్కలో తికమకపడి, అనుకున్నదానికి రెట్టింపు వాయించేశారు. ఎవరూ మధ్యలో ఆపలేదు. చూస్తే పాట పదిహేను నిమిషాలకు వచ్చింది. రికార్డుకి ఒక పక్క సుమారు ఇరవై నిమిషాలే పడుతుంది. మళ్ళీ చిన్నగా వాయిద్దామంటే ఆ మొదటిసారి వచ్చిన మత్తు రాదు. అందుకని దాన్ని అలాగే ఉంచేసి, ఇంకో రోజు వచ్చి మిగతా ట్యూన్లలో కొన్నింటిని కుదించి వాయించారు. మన కచేరీల్లో రాగం తానం పల్లవికి టైము చాలక తుక్కడాలు కోసేయడం చూసినదాన్ని కాబట్టి ఆ నిర్ణయం నాకు బాగా నచ్చింది.

పవానోకి న్యాయంగా ఒక మాట చెప్పాలి. యాంకీస్ నుంచి బయటపడ్డాక ఆయన మిన్నెసోటాకి వెళ్ళి 2010లో పదిహేడు మ్యాచులు గెలిచాడు. ఆ వార్త వచ్చినప్పుడు ఓనరు ఏ రికార్డూ పెట్టలేదు.

2005 అంటే ఆ కొట్టుకి పండగ సంవత్సరం. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో పాత టేపుల్ని డిజిటల్‌లోకి మారుస్తుంటే, 1957 నవంబరు 29న కార్నెగీ హాల్లో థెలోనియస్ మంక్ పియానో, జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ కలిసి వాయించిన కచేరీ బయటపడింది. వాయిస్ ఆఫ్ అమెరికా వాళ్ళు రికార్డు చేసి పక్కన పెట్టేసిన టేపు. ఆ ఏడాది వాళ్ళిద్దరూ న్యూయార్క్‌లో ఫైవ్ స్పాట్ అనే చిన్న క్లబ్బులో నెలల తరబడి కలిసి వాయించారు. విన్నవాళ్ళు జీవితాంతం చెప్పుకున్నారు. మిగతావాళ్ళకి చెప్పుకునేది వినడం తప్ప దారి లేదు, ఎందుకంటే ఆ జోడీ మీద సరైన రికార్డింగులు చాలా తక్కువ. తాతగారు ఫైవ్ స్పాట్‌లో విన్న మనిషి. ఒకే బీరు పట్టుకుని రెండు సెట్లు కూర్చున్నారట. అదేమీ గొప్పగా చెప్పేవారు కాదు, బస్సు ఏ మూల ఆగేదో చెప్పినట్టు చెప్పేవారు.

టేపు దొరికిందన్న వార్త వసంతంలో వచ్చింది, సీడీ సెప్టెంబరు చివర. ఆ మధ్యలో యాంకీస్‌లోకి ఆరన్ స్మాల్ అనే పిచర్ వచ్చాడు. ముప్పై మూడేళ్ళవాడు, ఏళ్ళ తరబడి చిన్న లీగుల్లో ఊరూరూ తిరిగినవాడు. ఎవరూ కెమెరాలు పెట్టి ఫొటోలు తీయని రకం సంతకం అతనిది. కోట్లు పోసి కొన్న పిచర్లందరూ దెబ్బలతో కూర్చుంటే జులైలో వేరే గతి లేక పిలిచారు. సీజను అయ్యేసరికి పది గెలుపులు, ఒక్క ఓటమీ లేదు. ప్రతి గెలుపుకీ తాతగారు బేస్‌బాల్ టోపీ తీసి గుండెకి ఆనించుకునేవారు. "స్మాల్ అంటే టీనా బ్రూక్స్" అని మాస్టారు అంటే, "కాదు, బ్రూక్స్‌ని ఎవరూ పిలవలేదు. ఇతన్ని పిలిచారు" అని తాతగారు. దాని మీద ఒక మధ్యాహ్నమంతా వాదన. మరుసటి ఏడాది స్మాల్ ఒక్కటీ గెలవలేదు, ఆ తర్వాత మేజర్ లీగుల్లో కనబడలేదు. మాస్టారు అప్పుడు కూడా తన మాట మార్చుకోలేదు.

మంక్, కోల్ట్రేన్ సీడీ వచ్చిన రోజు కొట్టు సాయంత్రం ఆలస్యంగా మూశారు. మా ఆయన కూడా ఆఫీసు నుంచి నేరుగా వచ్చాడు, ఆకలేస్తోందని విసుక్కుంటూ. మొదటి పాట 'మంక్స్ మూడ్'. పియానో ఒక్కటే మొదలై, శాక్సఫోన్ దాని మీద నెమ్మదిగా తీగలు అల్లుతుంది. తాతగారు కళ్ళు మూసుకుని, చెయ్యి కొద్దిగా ఎత్తి, ఎక్కడ మంక్ ఆగుతాడో అక్కడ వేలు దించుతున్నారు. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత! మా ఆయన ఆకలి సంగతి మర్చిపోయాడు. ఇంటికొచ్చాక, "ఆ పెద్దాయన సరిగ్గా తాళం వేశాడు కదా" అన్నాడు, ఆయనకి తాళం గురించి ఏమీ తెలియకపోయినా.

సంతకాల గురించి తాతగారికి ఉన్న పట్టుదల వేరే చోటిది. న్యూఅర్క్‌లో ఈగల్స్ అని నల్లజాతి వాళ్ళ లీగులో ఒక టీము ఉండేది. ఓనరు ఎఫా మ్యాన్లీ అనే ఆవిడ. ఆ టీములో డాన్ న్యూకోంబ్ అనే కుర్ర పిచర్ ఉండేవాడు, న్యూజెర్సీలోనే మ్యాడిసన్‌లో పుట్టాడు. బ్రూక్లిన్ డాడ్జర్స్‌ని నడిపిన బ్రాంచ్ రికీ అతన్ని తీసేసుకున్నాడు. ఎఫా మ్యాన్లీకి ఒక్క డాలరు ఇవ్వలేదు. ఆ పిచర్ 1949లో కొత్త ఆటగాళ్ళలో ఉత్తముడు, 1956లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు పెట్టిన మొదటి ఏడాదే దాన్ని గెలిచినవాడు. 1947లో అదే టీము నుంచి ల్యారీ డోబీని తీసుకున్నప్పుడు మాత్రం క్లీవ్‌లండ్ ఓనరు డబ్బు ఇచ్చాడు. "రికీని అందరూ మహానుభావుడంటారు. తెల్లవాళ్ళ లీగులోకి జాకీ రాబిన్సన్‌ని తెచ్చాడు, నిజమే. మా ఊరి ఆవిడ బిల్లు మాత్రం ఎగ్గొట్టాడు" అనేవారు తాతగారు. డాడ్జర్స్ అంటే మండిపడే ఓనరు ఆ ఒక్క విషయంలో ఇబ్బందిగా కదిలేవాడు. ఎందుకంటే న్యూకోంబ్ ఆయన చిన్ననాటి దేవుడు. 2006లో ఎఫా మ్యాన్లీని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు, అందులో ఉన్న ఒకే ఒక ఆడమనిషి ఆవిడ. ఆ రోజు తాతగారు డోనట్ల పెట్టె తెచ్చారు.

ఆ వరసలోనే సవాయ్ రికార్డ్స్ కథ వచ్చేది. అదీ న్యూఅర్క్ కంపెనీయే. 1945లో శాక్సఫోన్ వాయించే చార్లీ పార్కర్ 'కో-కో' రికార్డు చేసింది వాళ్ళకే. దాని ఓనరు హర్మన్ లుబిన్‌స్కీ డబ్బు దగ్గర ఎంత పిసినారో ఆ రోజుల సంగీతకారులు కథలు కథలుగా చెప్పుకునేవారట. "పిచర్‌కి ఏజెంటు ఉంటాడు, శాక్సఫోన్ వాడికి ఉండడు" అని మాస్టారు. ఆ మాట తర్వాత ఎవరు ఎంతకి ఏ కాగితం మీద సంతకం పెట్టారన్న వాదన గంటల కొద్దీ నడిచేది.

మనవాళ్ళైతే పరిచయమైన ఐదు నిమిషాల్లో ఊరు, ఉద్యోగం, పిల్లలు, సొంతిల్లా అద్దెదా, అన్నీ అడిగేస్తారు. వీళ్ళు అలా కాదు. పక్కపక్కన పాతికేళ్ళుగా నిలబడి మాట్లాడుకున్న మనుషులు, ఒకరింటికి ఒకరు వెళ్ళినట్టు లేదు. మాస్టారు విడాకుల సంగతి నాకు ఎలా తెలిసిందంటే, ఒక చలికాలం ఆయన తన బిల్ ఎవాన్స్ రికార్డులన్నీ అట్టపెట్టెలో తెచ్చి ఓనరుకి అమ్మేశాడు. ఓనరు ఒక్కమాట అడగలేదు. డబ్బిచ్చాడు. ఆ పెట్టెని అమ్మకానికి మాత్రం పెట్టలేదు, లోపలి గదిలో ఉంచాడు. రెండేళ్ళకి మాస్టారు వచ్చి అదే ధరకి తీసుకెళ్ళిపోయాడు. ఆ రోజు కూడా వాళ్ళు మాట్లాడుకున్నది మెట్స్ పిచర్ టామ్ గ్లావిన్ గురించి. 2007 సీజను చివరి రోజు, గెలిచి తీరాల్సిన మ్యాచులో గ్లావిన్ ఒక్క వికెట్ తీసి ఏడు రన్లు ఇచ్చాడు. వాళ్ళు వికెట్ అనరనుకోండి, నాకు అలాగే వస్తుంది. పదిహేడు మ్యాచులు మిగిలి ఉండగా ఏడు మ్యాచుల ఆధిక్యంలో ఉన్న మెట్స్ అక్కడికి వచ్చి ఓడిపోయింది. "మూడేళ్ళని సంతకం పెట్టించి తెచ్చినప్పుడే చెప్పాను" అని ఓనరు అంటుంటే, మాస్టారు రికార్డుల్ని ఒక్కొక్కటే తీసి లెక్కపెట్టుకుంటున్నాడు.

నా బొట్టు చూసి ఓనరు ఒకసారి, "నీకోసం ఒకటి ఉంచాను" అని చవక రికార్డుల డబ్బాలోంచి తీశాడు. ఆలిస్ కోల్ట్రేన్ 'రాధాకృష్ణ నామసంకీర్తన', 1977లో వచ్చింది. జాన్ కోల్ట్రేన్ భార్య. భర్త పోయాక హార్పు మీద, పియానో మీద గొప్ప రికార్డులు చేసింది. జాజ్ మనుషులు వాటిని నెత్తిన పెట్టుకుంటారు. తర్వాత ఆవిడ భక్తిలోకి వెళ్ళిపోయేసరికి వీళ్ళు ముఖం తిప్పుకున్నారు. పెట్టి చూస్తే 'గోవింద జయ జయ'! మా వీధి చివర గురువారం భజనల్లో విన్నదే. ఆవిడ పుట్టపర్తి బాబా భక్తురాలని తర్వాత తెలిసింది. కానీ ఆర్గన్ వాయించే తీరూ, చప్పట్ల ఊపూ మన భజనలవి కావు. ఆవిడ చిన్నప్పుడు డెట్రాయిట్‌లో చర్చిలో ఆర్గన్ వాయించేదట. తాతగారు రెండు చేతులూ కౌంటర్ మీద తడుతూ, "ఇది మా చర్చి పాటే. మాటలు మీవి, పాట మాది" అన్నారు. రెండో పక్క మొత్తం 'ఓం నమశ్శివాయ' ఒక్కటే. ఆర్గన్ మీద తల్లి, డ్రమ్ముల మీద కొడుకు అర్జున. మాస్టారికి అది నచ్చలేదు, ఆ విషయం దాచుకోలేదు కూడా. నేను నాలుగు డాలర్లు పెట్టి కొనుక్కున్నాను. ఆవిడ 2007 జనవరిలో పోయింది. ఆ తర్వాత ఆ కాలపు భజనల్ని వెతికి మళ్ళీ విడుదల చేసినప్పుడు కుర్రకారంతా ఎగబడ్డారు. మాస్టారు ఇప్పటికీ ఒప్పుకోడు.

బదులుగా నేను ఇండియా నుంచి మాండలిన్ శ్రీనివాస్ క్యాసెట్లు తెప్పించాను. పాలకొల్లు కుర్రాడు, గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో 'రిమెంబర్ శక్తి' బృందంలో వాయించాడు కాబట్టి పేరు వాళ్ళకి తెలుసు. కచేరీ వినలేదు. క్యాసెట్ పెట్టాక మాస్టారు గిటారు వాళ్ళని తిట్టడం మొదలుపెట్టాడు, అంటే బాగా నచ్చిందని అర్థం.

ఓనరుకి ఒక అలవాటు ఉండేది. కొట్టు కట్టేసే ముందు డేవ్ ఫ్రిష్‌బర్గ్ పాట ఒకటి పెట్టేవాడు, 'వాన్ లింగిల్ మంగో'. మంగో 1930లలో బ్రూక్లిన్ డాడ్జర్స్ పిచర్. పాట మొత్తం పాతకాలపు ఆటగాళ్ళ పేర్లే, ఒక్క క్రియాపదం లేదు. "ఇది మీ సహస్రనామమన్నమాట" అన్నాను. సహస్రనామం అంటే ఏంటో చెప్పాక ఓనరు ఆ మాట అందరికీ చెప్పుకుని తిరిగాడు.

మా ఆయన శనివారాలు వచ్చి క్రికెట్ చెప్పేవాడు. మోచెయ్యి వంచి విసిరితే నో బాల్ అంటే వాళ్ళు నమ్మలేదు. 2008 ఫిబ్రవరిలో ఐపీఎల్ వేలం జరిగినప్పుడు ధోనీని పదిహేను లక్షల డాలర్లకు పాట పాడి కొన్నారని చెప్తే, కొట్టులో ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మనుషుల్ని వేలం వేయడమన్నది ఆ దేశంలో, అందులోనూ తాతగారి ముందు, ఎలా వినబడుతుందో మా ఆయనకి అప్పుడు తట్టింది. తాతగారే నవ్వి, "డబ్బు ఆ కుర్రాడికేనా వెళ్ళేది?" అని అడిగారు. అవునంటే, "అయితే ఫరవాలేదు" అన్నారు.

ఆ నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీము రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్ళతో సంతకం పెట్టించుకుంది. ఉత్తరప్రదేశ్ పిల్లలు, జావెలిన్ విసిరేవాళ్ళు. ఏడాది ముందు దాకా బేస్‌బాల్ ముట్టుకోలేదు, ఇండియాలో పెట్టిన టీవీ పోటీలో బంతి గట్టిగా విసిరి నెగ్గారు. నేను కొట్టులో అడుగుపెట్టగానే ముగ్గురూ షేక్‌హ్యాండ్ ఇచ్చారు, వాళ్ళు నా తమ్ముళ్ళయినట్టు. మా ఊరికీ వాళ్ళ ఊళ్ళకీ వెయ్యి కిలోమీటర్ల పైనే అని చెప్పే ఓపిక లేక అభినందనలు పుచ్చేసుకున్నాను. వాళ్ళిద్దరూ పై స్థాయికి రాలేదు. రింకూ చాలా ఏళ్ళ తర్వాత కుస్తీ షోల్లో తేలాడు. మా ఆయన దానికి కూడా గర్వపడ్డాడు.

ఆ శీతాకాలం అంత సరదాగా లేదు. బ్యాంకులు కూలుతున్నాయి, మా ఆయన ప్రాజెక్టు ఆగిపోయింది, కొత్తది దొరికేదాకా ఇంట్లో టెన్షన్. అదే డిసెంబరులో యాంకీస్ సీసీ సబాతియా అనే పిచర్‌కి ఏడేళ్ళకు 16.1 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఎవరింట్లో ఎంత ఇబ్బంది ఉందో ఒకరికొకరు చెప్పుకోలేదు గానీ, ఆ అంకె మీద ఆ నెలంతా తిట్టుకున్నారు. ఆ తిట్లలోనే అన్నీ ఉన్నాయి. మరుసటి ఏడాది సబాతియా గెలిపించి వరల్డ్ సిరీస్ తెచ్చాడు, తాతగారు మళ్ళీ డోనట్లు తెచ్చారు. పవానోకి పెదవి విరిచిన మనిషి సబాతియాని మొదటి రోజే మెచ్చుకున్నారని గుర్తుచేస్తే, "ఆ లావు మనిషి కాళ్ళతో విసురుతాడు, చేత్తో కాదు. చేత్తో విసిరేవాళ్ళే విరిగిపోతారు" అన్నారు.

తర్వాత మేము న్యూజెర్సీ నుంచి టెక్సాస్‌కి మారిపోయాం. తాతగారు పోయారు. అద్దె పెరిగాక ఓనరు కొట్టు మూసేసి ఫ్లోరిడా వెళ్ళిపోయాడు, మిగిలిన రికార్డుల్లో సగం మాస్టారి గ్యారేజీలో ఉన్నాయి. 'ఐడిల్ మూమెంట్స్' నాకు పార్శిల్ చేశారు. మా అమ్మాయికి ఇప్పుడు జాజ్ అంటే చిరాకు. ఆ పాట పెడితే మాత్రం ఎందుకో ఆవలింతలు వస్తాయంటుంది, ఎందుకో నేను చెప్పలేదు.

మాస్టారు ఇప్పటికీ డిసెంబరు వస్తే మెసేజీలు పెడతాడు. 2018లో కోల్ట్రేన్ 1963లో చేసిన ఆల్బమ్ ఒకటి కొత్తగా బయటపడి విడుదలైనప్పుడు, "తాతగారు ఉంటే నంబరుతో సహా చెప్పేవారు" అని రాశాడు. 2023 డిసెంబరులో డాడ్జర్స్ జపాన్ పిచర్ యమమోటోని పన్నెండేళ్ళకు 32.5 కోట్ల డాలర్లకు తీసుకుంది. అమెరికా మేజర్ లీగుల్లో అప్పటికి అతను ఒక్క బంతి కూడా వేయలేదు. యాంకీస్ తమ పిచర్ గెరిట్ కోల్‌కి అంతకు ముందు ఇచ్చినదానికన్నా సరిగ్గా పది లక్షలు ఎక్కువ. "పది లక్షలు అహంకారానికి" అని మాస్టారు. ఫ్లోరిడా నుంచి ఓనరు జవాబు, "ఎవరు వాళ్ళు?"

2025 నవంబరు 1 రాత్రి వరల్డ్ సిరీస్ చివరి మ్యాచు. ముందు రోజే ఆరు ఇన్నింగ్స్ పిచింగ్ చేసిన యమమోటో మళ్ళీ వచ్చి పదకొండో ఇన్నింగ్ దాకా నిలబడి టొరంటోని ఓడించాడు. మా ఆయనా నేనూ మేలుకుని చూశాం. అర్ధరాత్రి మాస్టారి మెసేజ్ వచ్చింది: "ఇచ్చిన డబ్బు చెల్లింది. ఓనరు మ్యాచు మొత్తం చూశాడట, కానీ యమమోటో కోసమేనట, డాడ్జర్స్ కోసం కాదట. నిన్ను నమ్మమని చెప్పమన్నాడు."